కొత్తగా చేరినవాళ్ళు: మా ఊరి కమ్యూనిటీ కాలేజీలో ఒక సాయంత్రం

మా ఆవిడకి కమ్యూనిటీ కాలేజీలో పర్మనెంటు ఉద్యోగం వచ్చిందని ఫోన్లో చెప్పగానే భీమవరం నించి మా మామగారు అడిగిన మొదటి ప్రశ్న, "ఏ కమ్యూనిటీ వాళ్ళదమ్మా ఆ కాలేజీ?" అని. తరవాత చాలాసేపు నవ్వుకున్నాం గానీ, ఆయన తప్పేం లేదు. మన వైపు కమ్యూనిటీ అంటే కులమనే కదా అర్థం! ఇక్కడ మాత్రం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళందరిదీ అని అర్థం.

నిజానికి ఆయన్ని చూసి నవ్వే అర్హత నాకూ లేదు. 2009లో ఎమ్మెస్ చదవడానికి వచ్చిన నాకు చాలా ఏళ్ళ దాకా కమ్యూనిటీ కాలేజీ అంటే యూనివర్సిటీలో సీటు రానివాళ్ళు చేరే చోటు, అంతే. వీకెండ్ పార్టీల్లో ఎవరైనా తమ అబ్బాయి కమ్యూనిటీ కాలేజీలో చేరాడని కాస్త గొంతు తగ్గించి చెబితే, నేనూ గొంతు తగ్గించి "పరవాలేదులెండి" అనేవాణ్ణి. అక్కడ పాఠాలు చెప్పేదెవరు, వాళ్ళు ఎలా వస్తారు అన్నది ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ ఆలోచన వచ్చింది 2024 సెప్టెంబర్లో, ఒక బోర్డు మీటింగులో వెనక వరసలో కూర్చున్నప్పుడు.

ఆ సాయంత్రం

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలని నడిపేది స్థానికంగా ఓటర్లు ఎన్నుకున్న ట్రస్టీల బోర్డు. ఎవరిని ఉద్యోగంలోకి తీసుకున్నా చివరికి ఆ బోర్డు ఆమోదించాలి. 1953 నాటి బ్రౌన్ చట్టం ప్రకారం ఆ మీటింగులు బహిరంగంగా జరగాలి కాబట్టి ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. మా ఊరి కాలేజీలో ప్రతి సెప్టెంబర్లోనూ ఆ మీటింగు మొదట్లోనే కొత్తగా చేరినవాళ్ళని ఒక్కొక్కళ్ళనే పిలిచి పరిచయం చేస్తారు. నేనూ, ఎనిమిదేళ్ళ మా అమ్మాయీ అందుకే వెళ్ళాం.

ఆ రోజు పదకొండు మందిని పరిచయం చేశారు. నలుగురు పాఠాలు చెప్పేవాళ్ళు: లెక్కలు, నర్సింగు, కార్ల మరమ్మత్తు, ఇంగ్లీషు రానివాళ్ళకి ఇంగ్లీషు. ఒక కౌన్సెలరు, ఒక లైబ్రేరియన్. మిగిలిన ఐదుగురిలో అడ్మిషన్ల ఆఫీసులో ఒకరు, ఆర్థిక సహాయం విభాగంలో ఒకరు, కెమిస్ట్రీ లేబ్ టెక్నీషియన్ ఒకరు, రాత్రిపూట భవనాలు శుభ్రం చేసేవాళ్ళు ఇద్దరు. అందరినీ ఒకే రకంగా పిలిచారు. అందరికీ ప్రెసిడెంటు లేచి చెయ్యి కలిపారు. అందరికీ ఒకేలా చప్పట్లు.

లెక్కల టీచరుగా మా ఆవిడ లేచి నిలబడ్డప్పుడు మా అమ్మాయి నా చొక్కా లాగి అడిగింది. "నాన్నా, అమ్మ కొత్త టీచరెలా అవుతుంది? నేను కిండర్‌గార్టెన్‌కి వెళ్ళకముందు నించీ ఇక్కడే చెప్తోందిగా?"

మంచి ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఈ కాలేజీల సంగతి కొంత చెప్పాలి. ఇక్కడ నేను రాసేవి కాలిఫోర్నియా రూల్సు. టెక్సస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్నవాళ్ళకి వివరాలు మారతాయి గానీ తీరు దాదాపు ఇదే.

జూనియర్ కాలేజీ అంటే ఇంటర్ కాదు

వీటిని మొదట్లో జూనియర్ కాలేజీలనేవారు. మనకి జూనియర్ కాలేజీ అంటే ఇంటర్మీడియెట్. ఇక్కడ మాత్రం హైస్కూల్ అయ్యాక చదివే నాలుగేళ్ళ డిగ్రీలో మొదటి రెండేళ్ళు. ఇల్లినాయ్ రాష్ట్రంలో 1901లో మొదలైన జోలియెట్ జూనియర్ కాలేజీ ఈ దేశంలో ఇప్పటికీ నడుస్తున్నవాటిలో పాతది. కాలిఫోర్నియాలో మొదటిది 1910లో ఫ్రెస్నోలో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తరవాత, 1947లో, ప్రెసిడెంట్ ట్రూమన్ వేసిన ఉన్నత విద్యా సంఘం ఇలాంటివి దేశమంతటా పెట్టాలని చెప్పింది. కమ్యూనిటీ కాలేజీ అన్న పేరు స్థిరపడింది అప్పణ్ణించే.

ఇప్పుడు కాలిఫోర్నియాలో ఇవి 116 ఉన్నాయి. ఏటా దాదాపు 20 లక్షల మంది చదువుతారు. హైస్కూల్ పూర్తిచేసినవాళ్ళు ఎవరైనా చేరచ్చు. రాష్ట్రవాసులకి ఫీజు 2012 నించీ యూనిట్‌కి 46 డాలర్లే. ఒక కోర్సు మామూలుగా మూడు నించి ఐదు యూనిట్లు. అంటే మా ఆవిడ చెప్పే ఐదు యూనిట్ల కాల్‌క్యులస్ క్లాసు ఫీజు 230 డాలర్లు. రెండేళ్ళు ఇక్కడ చదివి యూనివర్సిటీకి మారేవాళ్ళు కొందరు, చేతిపని నేర్చుకుని ఉద్యోగంలో చేరేవాళ్ళు కొందరు, యాభయ్యో ఏట మళ్ళీ చదువు మొదలెట్టేవాళ్ళు కొందరు. వీళ్ళంతా ఒకే క్లాసులో ఉంటారు. ఇక్కడ పరిశోధన చెయ్యాలి, పేపర్లు అచ్చు వెయ్యాలి అన్న ఒత్తిడి టీచర్లకి లేదు. వాళ్ళని తీసుకునేది పాఠం చెప్పడానికే. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఎవరు అర్హులు?

1988లో ఏబీ 1725 అనే చట్టం వచ్చింది. అంతకుముందున్న లైసెన్సు పద్ధతి తీసేసి, ఒక్కో సబ్జెక్టుకి కనీస అర్హతల జాబితా తయారుచేసింది. లెక్కలు, ఇంగ్లీషు, చరిత్ర లాంటివాటికి ఆ సబ్జెక్టులో మాస్టర్స్ ఉండాలి. పీహెచ్‌డీ అక్కర్లేదు. కార్ల మరమ్మత్తు, వెల్డింగు లాంటివాటికి డిగ్రీతో పాటు రెండేళ్ళ పని అనుభవం, లేదా రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీతో పాటు ఆరేళ్ళ పని అనుభవం. ఆ రోజు పరిచయమైన కార్ల మాస్టారు ఇరవయ్యేళ్ళు గ్యారేజీలో పనిచేశాడు. అంతకుముందు ఇదే కాలేజీలో చదివాడు. ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్ల బేటరీల గురించి చెప్పడానికి వచ్చాడు. నర్సింగు టీచరుకి చదువూ, ఆసుపత్రి అనుభవంతో పాటు రాష్ట్ర నర్సింగు బోర్డు ఆమోదం కూడా కావాలి.

ఇవి కాక అన్ని సబ్జెక్టులకీ వర్తించే అర్హత ఇంకోటుంది. కమ్యూనిటీ కాలేజీకి వచ్చే రకరకాల విద్యార్థుల నేపథ్యాలు అర్థం చేసుకోగలిగి ఉండాలి. మొదట్లో ఇది మాటవరసకి రాసిన వాక్యమేమో అనుకున్నాను. మా ఆవిడ ఇంటర్వ్యూలు చూశాక కాదని తెలిసింది. ఆ సంగతి తరవాత చెప్తాను.

పాఠం చెప్పని ఫేకల్టీ

నాకు కొత్తగా తెలిసిన విషయం, ఇక్కడ కౌన్సెలర్లూ లైబ్రేరియన్లూ కూడా ఫేకల్టీయే. వాళ్ళకీ మాస్టర్స్ కావాలి, వాళ్ళకీ టెన్యూర్ ఉంటుంది.

మన పిల్లలున్న ఇళ్ళవాళ్ళు అందరికంటే ముందు తెలుసుకోవలసింది కౌన్సెలర్ గురించే అని నాకు ఇప్పుడనిపిస్తుంది. ఇక్కడ తీసుకున్న ఏ కోర్సు ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో చెప్పేది వాళ్ళే. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో ఆరు కేంపస్‌లు (డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, సాంటా బార్బరా, సాంటా క్రూజ్) కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకి ముందే రాతపూర్వకంగా సీటు హామీ ఇస్తాయి. చెప్పిన కోర్సులు, చెప్పిన మార్కులతో పూర్తిచెయ్యాలి. బర్క్‌లీ, లాస్ ఏంజిలిస్, శాన్ డియేగో ఆ హామీ ఇవ్వవు గానీ బదిలీ విద్యార్థులని తీసుకుంటాయి. ఒక తప్పు కోర్సు తీసుకుంటే ఒక సెమిస్టరు పోతుంది. ఒక్కోసారి ఏడాది పోతుంది. కౌన్సెలర్‌ని మొదటి సెమిస్టర్లోనే కలిసిన పిల్లలకీ, ఆఖర్న పరిగెత్తుకెళ్ళే పిల్లలకీ ఉన్న తేడా అది.

ఇంత ముఖ్యమైనప్పుడు ఇంకా ఎక్కువమందిని ఎందుకు పెట్టుకోరు? దీని వెనక ఒక పాత చట్టం ఉంది. 1961లో వచ్చిన యాభై శాతం చట్టం ప్రకారం కాలేజీ తన నిర్వహణ ఖర్చులో కనీసం సగం క్లాసులో పాఠం చెప్పేవాళ్ళ జీతాలకే పెట్టాలి. కౌన్సెలర్లు, లైబ్రేరియన్లు ఆ సగంలోకి రారు. ఫేకల్టీ అన్న పేరున్నా లెక్కల్లో వాళ్ళు రెండో వైపే. డబ్బంతా ఆఫీసు హంగులకి పోకుండా చట్టం మంచికే పెట్టారు. కానీ ఒక కొత్త కౌన్సెలర్‌ని తీసుకోవాలంటే కాలేజీ పది లెక్కలు చూసుకోవాలి. అందుకే ఆ రోజు ఆవిడ పేరు చదివినప్పుడు పాత స్టాఫు కాస్త గట్టిగా చప్పట్లు కొట్టారు.

క్లాసిఫైడ్ స్టాఫ్: రహస్యమేమీ లేదు

మిగిలిన ఐదుగురినీ క్లాసిఫైడ్ అంటారు. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి ఆ మాట వింటే రహస్యపు ఫైళ్ళు గుర్తొస్తాయి. ఇక్కడ అర్థం అది కాదు. బోధనకి సంబంధించిన అర్హతలు అక్కర్లేని ఉద్యోగాలని వర్గాలుగా విభజించి, ఒక్కో వర్గానికి జీతం నిర్ణయిస్తారు. అందుకని క్లాసిఫైడ్.

కాలేజీలో అడుగుపెట్టిన కుర్రాడికి మొదట కనిపించేది ప్రొఫెసరు కాదు, ఈ కిటికీ దగ్గర కూర్చున్నవాళ్ళే. ఇంట్లో కాలేజీ మెట్లెక్కినవాళ్ళు ఎవరూ లేని పిల్ల ఆర్థిక సహాయం దరఖాస్తు చేతిలో పట్టుకొస్తే, ఆదాయం తక్కువైతే ఆ 46 డాలర్లు కూడా మాఫీ అవుతాయని చెప్పేది ఈ మనిషే. ఆ మాట విసుగ్గా చెబితే ఆ పిల్ల మళ్ళీ రాదు. ఆ రోజు ఆర్థిక సహాయం విభాగంలో చేరినాయనని పరిచయం చేస్తూ డైరెక్టరు, ఆయనే ఒకప్పుడు ఆ కిటికీకి అవతల నిలబడ్డ విద్యార్థి అని చెప్పింది.

రాత్రిపూట శుభ్రం చేసే ఇద్దరిలో ఒకాయన ఇంగ్లీషు క్లాసులో విద్యార్థి కూడానట. ఆయన్ని పరిచయం చేసినప్పుడు, ఇంగ్లీషు చెప్పడానికి కొత్తగా చేరినావిడ వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. ఆ క్లాసుల్లో యూనిట్లు లేని రకానికి ఫీజే లేదు. ఇక్కడికి గ్రీన్‌కార్డు మీద వచ్చి పగలంతా ఇంట్లో తోచక కూర్చునే మన అత్తయ్యలకీ, అమ్మలకీ ఈ మాట చెప్పండి. మా వీధిలో ఇద్దరు వెళ్తున్నారు. బస్సెక్కడం, ఫార్మసీలో మాట్లాడటం వాళ్ళంతట వాళ్ళే చేసుకుంటున్నారు.

ఆరేళ్ళ పాత కొత్త టీచరు

ఇక మా అమ్మాయి ప్రశ్న.

మా ఆవిడ ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మేథ్స్ చదివి, పెళ్ళికి ముందు రెండేళ్ళు ఇంటర్ పిల్లలకి చెప్పింది. ఇక్కడికి వచ్చాక హెచ్-4 వీసా మీద ఇంట్లోనే ఉంది. 2015 మే నించి, గ్రీన్‌కార్డు పని ఒక దశ దాటిన హెచ్-1బీ ఉద్యోగుల భార్యాభర్తలకి పని అనుమతి ఇవ్వడం మొదలెట్టాక తనకీ కార్డు వచ్చింది. మన డిగ్రీలని ఇక్కడి డిగ్రీలతో పోల్చి రాసిచ్చే సంస్థకి కాగితాలన్నీ పంపింది. తన బీఎస్సీ, ఎమ్మెస్సీ కలిపి అమెరికా మాస్టర్స్‌కి సమానమని వాళ్ళు రాసిచ్చాక, 2018లో పార్ట్‌టైమ్ లెక్కల టీచరుగా చేరింది.

పార్ట్‌టైమ్ అంటే ఏమిటో అప్పుడే తెలిసింది. ఒక డిస్ట్రిక్టులో ఫుల్‌టైమ్ వాళ్ళు చెప్పేదాంట్లో 67 శాతానికి మించి పార్ట్‌టైమర్‌కి ఇవ్వకూడదని చట్టం. ఫుల్‌టైమ్ అంటే సెమిస్టరుకి 15 యూనిట్లనుకుంటే, ఐదు యూనిట్ల క్లాసులు రెండు. అంతే. అవి చాలవు కాబట్టి పొరుగు డిస్ట్రిక్టులో ఇంకో రెండు. మొత్తం కలిపితే 20 యూనిట్లు. ఫుల్‌టైమ్ వాళ్ళ కంటే ఎక్కువే చెప్పింది, కానీ రెండు చోట్లా పార్ట్‌టైమే! జీతం క్లాసు గంటల లెక్కన. వచ్చే సెమిస్టరు క్లాసు ఉంటుందో లేదో ముందు తెలియదు. చేరినవాళ్ళు తక్కువైతే మొదటి వారంలోనే క్లాసు రద్దవుతుంది. ఆఫీసు గది లేదు, కారు డిక్కీయే ఆఫీసు. ఒక అట్టపెట్టెలో ఈ కాలేజీ పేపర్లు, ఇంకోదాంట్లో ఆ కాలేజీ పేపర్లు. ఇలాంటివాళ్ళకి ఇక్కడ ఫ్రీవే ఫ్లయర్స్ అని పేరు కూడా ఉంది. మన ఊళ్ళలో గెస్ట్ లెక్చరర్లనీ కాంట్రాక్టు లెక్చరర్లనీ ఎరిగినవాళ్ళకి ఈ కష్టం విడమరచి చెప్పక్కర్లేదు.

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్ళలో సగం కంటే చాలా ఎక్కువమంది ఇలాంటి పార్ట్‌టైమర్లే. బోధనలో 75 శాతం ఫుల్‌టైమ్ వాళ్ళే చెయ్యాలని 1988 చట్టం ఒక లక్ష్యం పెట్టింది. రాష్ట్రం మొత్తంమీద అది ఇప్పటికీ అందలేదు. మంచి మార్పులూ కొన్ని వచ్చాయి. 2022 బడ్జెట్లో పార్ట్‌టైమర్ల ఆరోగ్య బీమా కోసం రాష్ట్రం ఏటా 20 కోట్ల డాలర్లు కేటాయించింది.

ఆరేళ్ళ పాటు మా ఆవిడ పేరు సెమిస్టరు షెడ్యూల్లో ఉండేది గానీ, ఎవరూ నిలబెట్టి పరిచయం చెయ్యలేదు. అందుకే ఆ రోజు తను "కొత్త" టీచరయింది.

పదిహేను నిమిషాల పాఠం

పార్ట్‌టైమ్ నించి ఫుల్‌టైమ్‌కి దానంతట ప్రమోషన్ రాదు. కొత్తవాళ్ళతో పాటే పోటీ పడాలి. ఫేకల్టీ, స్టాఫ్, డీన్ కలిసిన కమిటీ దరఖాస్తులు చూసి కొందరిని పిలుస్తుంది. అందరికీ అవే ప్రశ్నలు. ఆ తరవాత, కమిటీనే విద్యార్థులనుకుని పదిహేను నిమిషాల పాఠం చెప్పాలి. అసలు పరీక్ష ఇదే.

2022లో వేరే కాలేజీలో మా ఆవిడకి లాగరిథమ్స్ ఇచ్చారు. మన పద్ధతిలో బోర్డు నిండా నిర్వచనం, సూత్రాలు, నిరూపణ. పది నిమిషాల్లో అయిపోయింది, ఒక్క తప్పు లేదు. ఉద్యోగం రాలేదు. "పాఠం అయింది గానీ, ఎవరికైనా అర్థమైందో లేదో నేను అడగనే లేదు" అని ఇంటికొచ్చి తనే చెప్పింది.

2024లో మళ్ళీ అదే పాఠం పడింది. ఈసారి ఒక ప్రశ్నతో మొదలెట్టింది. "రిక్టర్ స్కేలు మీద 5 భూకంపానికీ, 6 భూకంపానికీ తేడా ఎంత?" బే ఏరియాలో ఉన్నవాళ్ళం, 1989 నాటి 6.9 లోమా ప్రియేటా భూకంపం గురించి విననివాళ్ళు లేరు. కమిటీలో ఒకాయన కొంచెమేగా అన్నాడు. అక్కణ్ణించి పట్టుకుంది. ఒక అంకె పెరిగితే భూమి ఊగడం పది రెట్లు, శక్తి దాదాపు 32 రెట్లు. అలాంటివాటిని చిన్న అంకెల్లో రాసుకోవడానికే లాగరిథమ్. సూత్రం చివర్లో వచ్చింది. ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగడం తనకి అన్నిటికన్నా కష్టమైందట. మనకి మౌనం అలవాటు లేదు కదా, మనమే జవాబు చెప్పేస్తాం!

విద్యార్థులని అర్థం చేసుకోవాలన్న అర్హత ఊరికే రాయలేదని అప్పుడు తెలిసింది. ఒకప్పుడు ప్రవేశ పరీక్షలో వెనకబడ్డవాళ్ళని మూడు నాలుగు సెమిస్టర్ల పాటు హైస్కూల్ లెక్కల్లోనే కూర్చోబెట్టేవారు. చాలామంది అక్కడే మానేసేవారు. 2017లో వచ్చిన ఏబీ 705 చట్టం దాన్ని మార్చింది. ఇప్పుడు హైస్కూల్ మార్కులు చూసి దాదాపు అందరినీ యూనివర్సిటీ స్థాయి లెక్కల్లోనే వేస్తారు, అవసరమైనవాళ్ళకి తోడుగా అదనపు క్లాసు పెడతారు. అంటే ఒకే గదిలో బీజగణితం మరిచిపోయిన ట్రక్ డ్రైవరూ, హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సు తీసుకుంటున్న మన పిల్లలూ ఉంటారు. వాళ్ళిద్దరికీ చెప్పగలిగినవాళ్ళు కావాలి.

ఎంపికైనా వెంటనే పర్మనెంటు కాదు. మామగారికి తేలిగ్గా చెప్పడానికి అలా అన్నాం గానీ, టెన్యూర్‌కి నాలుగేళ్ళ పరీక్షాకాలం ఉంది. తోటి టీచర్లు వచ్చి క్లాసులో కూర్చుంటారు, విద్యార్థుల అభిప్రాయాలు తీసుకుంటారు. అవన్నీ దాటాకే టెన్యూర్.

మనకేమిటి?

మన సంఘంలో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లీషుల్లో మాస్టర్స్ చేసి, వచ్చిన కొత్తలో "ఇక్కడ మన చదువు పనికిరాదులే" అని సర్టిఫికెట్లు సూట్‌కేసులో దాచేసినవాళ్ళు నాకే చాలామంది తెలుసు. వాళ్ళకి మూడు మాటలు. మీ సబ్జెక్టు కనీస అర్హతల జాబితా చూడండి. డిగ్రీలు ముందుగా మదింపు చేయించుకోండి. మూడేళ్ళ బీఎస్సీని అన్ని సంస్థలూ ఒకేలా లెక్కకట్టవు కాబట్టి ఏ సంస్థ నివేదిక ఒప్పుకుంటారో కాలేజీనే అడగండి. పార్ట్‌టైమ్ కష్టాలు పైన చెప్పాను, వాటిని తెలిసే చేరండి.

ఇక తల్లిదండ్రులకి. మీ ఊరి కాలేజీ కొత్తగా తీసుకున్నవాళ్ళ పేర్లు ప్రకటిస్తే ఒకసారి చదవండి. ఎంతమంది కౌన్సెలర్లని తీసుకున్నారు, లెక్కలకి ఎవరు వచ్చారు, వాళ్ళు ఎక్కణ్ణించి వచ్చారు అన్నది చూస్తే ఆ కాలేజీ ఎవరి కోసం పనిచేస్తోందో తెలుస్తుంది. నాకైతే గొంతు తగ్గించి "పరవాలేదులెండి" అనే అలవాటు ఆ రోజుతో పోయింది.

మామగారికి మాత్రం ఇవన్నీ చెప్పలేదు. జిల్ బైడెన్ గారు 2009 నించి 2024 దాకా, భర్త ఉపాధ్యక్షుడిగానూ అధ్యక్షుడిగానూ ఉన్నప్పుడు కూడా, వర్జీనియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పారని చెప్పాం. "అయితే మంచి ఉద్యోగమేనన్నమాట" అన్నారాయన. ఊళ్ళో ఆ మాటే చెబుతున్నారట.

మీటింగయ్యాక మా ఆవిడ మమ్మల్ని తన ఆఫీసు గదికి తీసుకెళ్ళింది. చిన్న గది, ఒక కిటికీ, తలుపు మీద పేరు. కారు డిక్కీలోంచి రెండు అట్టపెట్టెలూ నేనే మోసుకొచ్చి అక్కడ పెట్టాను. మా అమ్మాయి తలుపు మీద పేరు కూడబలుక్కుని చదివి, "ఓహో, పేరు రాస్తే కొత్త టీచరా" అంది.

దాని ప్రశ్నకి నేనివ్వబోయిన జవాబు కంటే అదే నయమనిపించింది.